ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎందుకు వేడెక్కుతుంది? ఎలా కాపాడుకోవాలి?



సంచికకు ఏదైనా వ్రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, "రేస్ ట్రాక్ మీద కారు గేర్‌బాక్స్ వేడెక్కకుండా ఎలా చూసుకోవాలో రాస్తాం" అన్నాము. అవతల నవ్వులు వినిపించాయి. "అన్నా, మనకు సైకిలే లేదు. స్పోర్ట్స్ కారు గేర్‌బాక్స్‌తో ఏం పనన్నా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మాకూ కారు లేదు. కానీ కారు ఉన్నవాడికే కాదు, దాన్ని బాగుచేసేవాడికీ, తయారుచేసేవాడికీ ఈ విద్య అన్నం పెడుతుంది. పైగా ఈ విషయంలో మేము ఒక తప్పు చేశాము. అది మీరు చేయకూడదనే ఈ వ్యాసం.

మేమిద్దరం ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నాము. మా రెండిళ్లలోనూ డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాళ్లం మేమే. ఎం.టెక్.లో థర్మల్ ఇంజనీరింగ్ చదువుతూ ఒక వేసవిలో చెన్నైలోని ఒక వర్క్‌షాపులో శిక్షణకు చేరాము. స్పోర్ట్స్ కార్లు ఉన్నవారు కొందరు సెలవు రోజుల్లో శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడుపుతుంటారు. అది 1990లో మొదలైన ట్రాక్. పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. ఆ కార్లను చూసుకోవడం మా వర్క్‌షాపు పని. ప్రతి విడత తర్వాత ఉష్ణోగ్రతలు నోటుబుక్కులో వ్రాసుకోవడం మా పని.

లోపల ఏముంది?

మామూలు కారులో ఎడమ కాలి కింద క్లచ్ పెడల్ ఉంటుంది. ఆటోమేటిక్ కారులో ఉండదు. చాలా ఆటోమేటిక్ కార్లలో ఆ పనిని టార్క్ కన్వర్టర్ చేస్తుంది. అది అర్థం కావాలంటే రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వేయండి. ఆ గాలికి రెండో ఫ్యాన్ రెక్కలు కూడా తిరుగుతాయి. టార్క్ కన్వర్టర్‌లో గాలికి బదులు ఆయిల్ ఉంటుంది. ఇంజను వైపు రెక్కలు ఆయిల్‌ను విసురుతాయి. ఆ ఆయిల్ తగిలి గేర్ల వైపు రెక్కలు తిరుగుతాయి. మధ్యలో స్టేటర్ అనే మూడో చక్రం ఆయిల్ దారి మళ్లించి, బండి కదిలేటప్పుడు తిప్పే బలాన్ని పెంచుతుంది. ఈ పద్ధతికి జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫెట్టింగర్ 1905లో పేటెంట్ తీసుకున్నారు. అప్పుడు అది ఓడల కోసం. తర్వాత కార్లలోకి వచ్చింది.

రెండో ఫ్యాన్ ఎప్పుడూ మొదటి ఫ్యాన్ కంటే కొంచెం వెనకబడే తిరుగుతుంది కదా. దాన్నే జారుడు అంటాము. జారుడులో పోయిన శక్తి ఎక్కడికీ మాయం కాదు, ఆయిల్‌లో వేడిగా చేరుతుంది. అందుకే హైవే మీద నిలకడగా వెళ్లేటప్పుడు లాకప్ క్లచ్ అనేది రెండు వైపులనూ గట్టిగా కలిపేస్తుంది. అప్పుడు జారుడు ఉండదు, వేడీ తక్కువే.

ఎంత వేడి?

హాస్టల్లో నీళ్లు కాచుకునే హీటర్ రాడ్డు మనందరికీ తెలుసు. వార్డెన్ సారుకు కనపడకుండా ట్రంకు పెట్టెలో దాచుకునేది అదే. దాని శక్తి సుమారు ఒక కిలోవాట్. ఒక స్పోర్ట్స్ కారు ఇంజను 200 కిలోవాట్లు, అంటే దాదాపు 270 హార్స్‌పవర్ అనుకుందాం. పూర్తి వేగంలో అందులో పదో వంతు గేర్‌బాక్స్‌లో వేడిగా మారితే 20 కిలోవాట్లు. అంటే ఎనిమిది లీటర్ల ఆయిల్‌లో ఇరవై రాడ్లు ముంచినట్లు! ఆ వేడిని ఎవరూ తీసుకుపోకపోతే ఆయిల్ సెకనుకు ఒకటిన్నర డిగ్రీ చొప్పున, నిమిషంలో 90 డిగ్రీలు పెరుగుతుంది. లోహపు పెట్టె కొంత వేడిని పీల్చుకుంటుంది, కూలర్ కొంత లాగేస్తుంది కాబట్టి నిజంగా అంత త్వరగా పెరగదు. కానీ పుట్టే వేడి పోయే వేడి కంటే ఎక్కువైతే, ఆలస్యంగానైనా అక్కడికి చేరక తప్పదు.

ట్రాక్ మీద జరిగేది అదే. మలుపు దాటగానే పూర్తి యాక్సిలరేటర్, తర్వాతి మలుపు ముందు గట్టి బ్రేకు. నిమిషంలో ఎన్నోసార్లు గేర్లు మారతాయి. మారిన ప్రతిసారీ లోపలి క్లచ్ ప్లేట్లు క్షణం పాటు రాసుకుంటాయి. లాకప్ మాటిమాటికీ విడిపోతుంది. ఇంకో చిక్కు ఉంది. చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లార్చేది ఇంజను రేడియేటర్ నీళ్లే. ఇంజను కూడా కష్టపడుతున్నప్పుడు ఆ నీళ్లే వంద డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటితో ఆయిల్‌ను అంతకంటే చల్లగా ఎలా చేస్తాం?

రోడ్డు మీద ఈ ఆయిల్ సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటుంది. బాగా కాగిన ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పాడవుతుంది, జిగురు పూతలా మారి సన్నటి వాల్వులకు అంటుకుంటుంది. దాంతో పీడనం తగ్గుతుంది. ప్లేట్ల పట్టు సడలి ఇంకా జారతాయి. జారితే ఇంకా వేడి. ఈ చక్రం ఒకసారి మొదలైతే ఆపడం కష్టం. హెచ్చరిక దీపం వెలిగేసరికే సగం నష్టం జరిగిపోయి ఉండవచ్చు. కాబట్టి దీపం కోసం కాదు, అంకె కోసం చూడాలి.

మేము చేసిన తప్పు

ఆ రోజు ఎండ మండిపోతోంది. ఒక కారు మూడో విడత ముగించుకుని వచ్చినప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ 118 డిగ్రీలు అని వ్రాసుకున్నాము. కాసేపటికి యజమాని మళ్లీ బయలుదేరాడు. అప్పటికి ఇంకా 104 ఉంది. ఈసారి నిలబడిన చోటు నుంచి దూసుకెళ్లడం సాధన చేస్తానన్నాడు. అంటే ఎడమ కాలితో బ్రేకు, కుడి కాలితో యాక్సిలరేటర్ ఒకేసారి తొక్కి, బ్రేకు వదలడం. ఆ కొద్ది సెకన్లూ చక్రాలు తిరగవు. ఇంజను ఇచ్చే శక్తి దాదాపు మొత్తం ఆయిల్‌లోకే వెళ్తుంది. సగం శక్తి వాడినా వంద రాడ్లు!

ఇది మాకు తెలుసు, పరీక్షలో ఈ లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. "అంతా ఓకేనా?" అని ఆయన ఇంగ్లీషులో అడిగితే మేము తల ఊపాము. మూడుసార్లు దూకించి, రెండు చుట్లు తిరిగేసరికి కారు బలం తగ్గించుకుని మెల్లగా పిట్‌లోకి వచ్చింది. ఆయిల్ దింపితే నల్లగా ఉంది, మాడిన వాసన. ప్లేట్లు కాలిపోయాయి. గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సి వచ్చింది.

మా పెద్ద మెకానిక్‌ది నెల్లూరు జిల్లా. ఆయన మా నోటుబుక్కు తీసి చూసి, "అంకె రాసుకున్నారు గదరా, నోరెందుకు తెరవలేదు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ కారు ధర, ఆయన ఇంగ్లీషు చూసి, చెప్పడానికి మనమెవరం అనుకున్నాము. అదే మెస్‌లో పప్పు మాడిన వాసన వస్తే వంట మాస్టరుకు చెప్పడానికి మనం ఎవరి అనుమతీ అడగం కదా!

ఎలా కాపాడుకోవాలి?

1. ముందుగా ఆయిల్. కంపెనీ చెప్పిన రకమే పోయాలి. మట్టం చెప్పిన ఉష్ణోగ్రత దగ్గరే చూడాలి. "జీవితాంతం మార్చనక్కర్లేదు" అన్న మాట ట్రాక్ మీద నడిచే కారుకు వర్తించదు. రంగు నల్లబడినా, మాడు వాసన వచ్చినా మార్చాలి.

2. విడిగా ఆయిల్ కూలర్. గాలి నేరుగా తగిలే చోట, మంచి పైపులతో బిగించాలి. రేడియేటర్‌కు అడ్డంగా పెడితే ఇంజను వేడెక్కుతుంది. ఆయిల్ మరీ చల్లబడటమూ మంచిది కాదు కాబట్టి థర్మోస్టాట్ ఉండాలి. కూలర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, పురుగులను శుభ్రం చేయాలి.

3. ఉష్ణోగ్రత చూపే మీటర్. సెన్సర్ ఎక్కడుందో తెలుసుకోవాలి. కన్వర్టర్ నుంచి బయటికొచ్చే ఆయిల్, అడుగు తొట్టిలోని ఆయిల్ కంటే వేడిగా ఉంటుంది. మా వర్క్‌షాపులో తొట్టి ఉష్ణోగ్రతకు పెట్టుకున్న హద్దులివి: 110 దాటితే జాగ్రత్త, 120 దాటితే వేగం తగ్గించాలి, 130 అయితే ఆపాలి. అయితే ఏ కారుకైనా దాని పుస్తకంలో ఉన్న అంకెకే విలువ.

4. నడిపే తీరు. మొదటి చుట్టు నెమ్మదిగా నడపాలి. గేర్లను మాన్యువల్ మోడ్‌లో పెట్టుకుంటే అనవసరమైన మార్పులు తగ్గుతాయి. బ్రేకు, యాక్సిలరేటర్ కలిపి తొక్కకూడదు. ఒక్కో విడత పదిహేను నిమిషాల దగ్గర ముగించడం మంచిది.

5. ఆఖరి చుట్టు చల్లార్చడానికే. పై గేరులో, తక్కువ యాక్సిలరేటర్‌తో నడిపితే లాకప్ పడుతుంది, గాలీ తగులుతుంది. పిట్‌లోకి వచ్చాక వెంటనే ఇంజను ఆపకూడదు. ఆయిల్‌ను కూలర్‌కు పంపే పంపును చాలా కార్లలో ఇంజనే తిప్పుతుంది. ఇంజను ఆగితే అదీ ఆగుతుంది.

6. చల్లారకుండా మళ్లీ వెళ్లకూడదు. గత విడత మొదలైనప్పుడున్న అంకెకు దిగిన తర్వాతే తర్వాతి విడత.

ఆ తర్వాతి నెల మరో కారు వచ్చింది. రెండో విడత తర్వాత 121 చూపింది. ఈసారి మేము ముందుకెళ్లి, "సార్, ఇప్పుడు వెళ్లొద్దు. ఇరవై నిమిషాలు చల్లారాలి" అన్నాము. ఇంగ్లీషు తడబడింది. ఆయన నోటుబుక్కు చూసి, "థాంక్యూ" అని కుర్చీలో కూర్చున్నాడు. అంతే. సాయంత్రం ఆ కారు తన చక్రాల మీదే ఇంటికి వెళ్లింది.

తమ్ముళ్లారా, ఐ.టి.ఐ., డిప్లొమా, ఇంజనీరింగ్ ఏది చదివినా మీ చేతికి ఎప్పుడో ఒక మీటర్ వస్తుంది. దాని మీది అంకె మీకు అర్థమైతే, ఎదుటివారు ఎవరైనా సరే, గట్టిగా చెప్పండి. దసరా సెలవుల తర్వాత మేము హాస్టల్‌కు వస్తాము. కోసి చూపడానికి పాత టార్క్ కన్వర్టర్ ఒకటి పెద్ద మెకానిక్ గారిని అడిగి ఉంచాము. ప్రశ్నలు సిద్ధం చేసుకోండి.