కార్వాన్‌లో హేమంత ప్రభాతం

ప్రతి ఋతువుకూ తనదైన వెలుగు ఉంటుంది. గ్రీష్మంలో ఎండ కన్నులను మిరుమిట్లు గొలుపుతుంది. వర్షాకాలంలో మబ్బులు వెలుగును వడగట్టి నేలపై సమానంగా పరుస్తాయి. హేమంత శిశిరాలలో మాత్రం సూర్యకాంతి మృదువుగా, ఏటవాలుగా ప్రసరించి గోడను, చెట్టును, రాతిని వేరువేరుగా నిలిపి చూపుతుంది. అందువల్లనే ప్రకృతి దృశ్యాలను, ప్రాచీన కట్టడాలను చిత్రించే ఛాయాగ్రాహకులు చలికాలం కోసం ఎదురుచూస్తారు. అయితే ఆ వెలుగు తెల్లవారుజామున కొద్దిసేపు మాత్రమే నిలుస్తుంది. చలిలో, పొగమంచులో దానిని పట్టుకోవడానికి తగిన పరికరాలు కావాలి. పరికరాలకంటె ముందు తగిన సన్నాహం కావాలి. ఈ విషయాన్ని గ్రహించడానికి హైదరాబాదులోని కార్వాన్ ప్రాంతం చక్కని ఉదాహరణ.

కార్వాన్ అనే పేరుకు బిడారు అని అర్థం. కుతుబ్‌షాహీల కాలంలో సరకులతో వచ్చే వర్తకుల బిడారులు విడిది చేసిన చోటు ఇది. గోల్కొండ కోటకు, పురానాపూల్‌కు నడుమ, మూసీనదికి ఉత్తరపు దిశలో ఉన్న ఈ పేటలో ఒకనాడు వజ్రాల వ్యాపారం జరిగింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో నిర్మించిన పురానాపూల్ మూసీపై కట్టిన మొదటి వంతెన. హైదరాబాదు నగర నిర్మాణం జరిగింది ఆ తరువాత, 1591లో. 1671లో మూసాఖాన్ కట్టించిన టోలీ మసీదు కార్వాన్‌లోనే ఉంది. రెండు మినారులతో, ఐదు కమానులతో, సున్నపు గచ్చుతో తీర్చిన సున్నితమైన అలంకారాలతో అది చూపరులను ఆకట్టుకుంటుంది. నేడు కార్వాన్ ఇరుకు వీధులతో, దుకాణాలతో, విద్యుత్తు తీగలతో నిండిన జనసమ్మర్దమైన పేట. పగటివేళ ఆ సందడిలో పాతకట్టడాల ఆకృతి మరుగున పడుతుంది. చలికాలపు ఉదయం మాత్రం అది మళ్ళీ కనిపిస్తుంది.

దీనికి కారణం సూర్యగమనంలో ఉంది. హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు పదిహేడున్నర డిగ్రీల అక్షాంశంపై ఉంది. మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ క్షణంలో నీడ ఉండదు. నీడ లేనిచోట చిత్రంలో లోతు ఉండదు. డిసెంబరు చివరివారంలో సూర్యుడు మధ్యాహ్నం కూడా దాదాపు 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. కనుక పగలంతా వస్తువులకు నీడలు ఉంటాయి. ఆ రోజులలో సూర్యోదయం ఆరున్నర దాటిన తరువాత జరుగుతుంది. అప్పటి నుండి సుమారు ముప్పావుగంటలో సూర్యుడు పది డిగ్రీల ఎత్తుకు చేరుతాడు. ఆ ఎత్తున నీడలు వస్తువు ఎత్తుకు ఐదు రెట్లకు పైగా సాగుతాయి. సూర్యకిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించడంవల్ల నీలికాంతి చెదిరిపోయి, ఎరుపు, పసుపు కాంతులు మిగులుతాయి. ఛాయాగ్రాహకులు బంగారువేళ అని పిలిచేది ఈ ముప్పావుగంటనే.

పొగమంచు ఈ కాలపు మరొక విశేషం. మబ్బులు లేని రాత్రి భూమి తన వేడిని ఆకాశంలోకి త్వరగా కోల్పోతుంది. నేలను ఆనుకొని ఉన్న గాలి చల్లబడి, అందులోని తేమ సూక్ష్మమైన నీటిబిందువులుగా మారుతుంది. చల్లని గాలి బరువైనది కాబట్టి నదీగర్భంలోకి, పల్లపు ప్రాంతాలలోకి జారి నిలుస్తుంది. దానిపైన వెచ్చని గాలి మూతవలె ఉండటంవల్ల వాహనాల పొగ, ధూళి కూడా కిందనే చిక్కుకుంటాయి. అందుచేత నగరంలో కనిపించే మంచుతెర అంతా స్వచ్ఛమైన మంచు కాదు. ఊపిరితిత్తుల వ్యాధులున్నవారికి అది హానికరం. కంటికి మాత్రం అది ఒక ఉపకారం చేస్తుంది. దగ్గరి వస్తువును స్పష్టంగా, దూరపు వస్తువును లేతగా చూపి, ఒకదాని వెనుక ఒకటిగా పొరలను ఏర్పరుస్తుంది. చిత్రకారుడు రంగుల మేళవింపుతో సాధించే దూరభావాన్ని మంచు తనంతట తానే సమకూరుస్తుంది.

కార్వాన్‌లో నిలిచిన ఛాయాగ్రాహకునికి రెండు దిక్కులలో రెండు విధాలైన చిత్రాలు లభిస్తాయి. తూర్పున ఉన్న పురానాపూల్‌ను నది పడమటి వైపు నుండి చూస్తే, ఉదయించే సూర్యుని ముందు వంతెన కమానులు నల్లని రూపరేఖలై నిలుస్తాయి. ఎత్తైన మేడపైనుండి పడమటి దిక్కుకు తిరిగితే గోల్కొండ కొండ ఉదయకాంతిని ఎదురుగా అందుకొని, గోధుమవర్ణపు రాళ్ళతో మెరుస్తుంది. టోలీ మసీదు విషయంలో మరొక విశేషం ఉంది. మన దేశంలో మసీదులు మక్కాదిశను అనుసరించి పడమటివైపు ప్రార్థనా కుడ్యంతో నిర్మితమవుతాయి. అందువల్ల వాటి ముఖభాగం సాధారణంగా తూర్పును చూస్తుంది. సూర్యోదయవేళ ఆ ముఖభాగమంతా ఒకే బంగారు రంగుతో నిండుతుంది. సూర్యుడు దక్షిణానికి వాలుతూ పైకెక్కే కొద్దీ వెలుగు పక్కనుండి పడి, గచ్చుపనిలోని ప్రతి రేకు తన నీడతో విడివడి కనిపిస్తుంది. రంగు కావలసినవారు ముందుగాను, పనితనం చూపదలచినవారు కొంత ఆలస్యంగాను చిత్రం తీయడం మంచిది.

ఇక పరికరాల సంగతి. తెల్లవారుజామున వెలుగు తక్కువ కనుక కెమెరా తెరపి ఎక్కువసేపు తెరచి ఉండాలి. ఆ సమయంలో చేయి ఏ కొంచెం కదిలినా చిత్రం మసకబారుతుంది. అందుచేత ముక్కాలిపీట వంటి ట్రైపాడ్ మొదటి అవసరం. బరువైనది స్థిరంగా నిలుస్తుంది, తేలికైనది మోయడానికి అనువుగా ఉంటుంది. తేలికదాని మధ్యకంబానికి సంచి వేలాడదీస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి. మీట నొక్కే వేలి కదలిక కూడా తగలకుండా కేబుల్ రిలీజ్‌నుగాని, కెమెరాలోని టైమర్‌నుగాని ఉపయోగించాలి. విశాల దృశ్యానికి వైడ్ యాంగిల్ లెన్సు, మంచుపొరల వెనుక ఉన్న దూరపు బురుజును దగ్గరకు తేవడానికి టెలిఫోటో లెన్సు పనికివస్తాయి. ఖరీదైన కెమెరా లేనివారు నిరాశ పడనక్కరలేదు. నేటి సెల్‌ఫోను కూడా స్థిరంగా నిలిపితే మంచి చిత్రాన్ని ఇస్తుంది.

పొగమంచును చిత్రించేటప్పుడు కెమెరా ఒక పొరపాటు చేస్తుంది. దానిలోని కాంతిమాపకం ఎదుట ఉన్న ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థమైన బూడిదవర్ణంగా భావించి లెక్క కడుతుంది. అందువల్ల తెల్లని మంచు చిత్రంలో మురికిగా, బూడిదరంగుగా వస్తుంది. దీనిని సరిచేయడానికి వెలుగును అర స్టాప్ నుండి ఒక స్టాప్ వరకు పెంచాలి. ఒక స్టాప్ పెంచడమంటే కెమెరాలోకి వచ్చే వెలుగును రెట్టింపు చేయడమన్నమాట. హిమాలయాలలో మంచుకొండలను చిత్రించేవారు కూడా పాటించే సూత్రమిదే.

చలి యంత్రాన్ని సైతం బాధిస్తుంది. బ్యాటరీలోని రసాయనచర్య చలిలో మందగించి, దాని శక్తి త్వరగా తరిగినట్లు కనిపిస్తుంది. హైదరాబాదు చలిలో ఈ ఇబ్బంది స్వల్పం. ఇక్కడి జనవరి రాత్రులు సాధారణంగా 15 డిగ్రీల దరిదాపుల్లో ఉండి, కొన్ని సంవత్సరాలలో 10 డిగ్రీలకు దిగువకు పోతాయి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న లంబసింగి వంటి చోట్ల ఉష్ణోగ్రత కొన్ని రోజులలో సున్నాకు చేరువవుతుంది. అక్కడకు వెళ్ళేవారు అదనపు బ్యాటరీని చొక్కా లోపలి జేబులో, దేహపు వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకోవాలి. చల్లబడి ఆగిన బ్యాటరీ వెచ్చబడితే తిరిగి కొంత పనిచేస్తుంది.

దానికంటె పెద్ద శత్రువు తేమ. చల్లబడిన కెమెరాను వెచ్చని గదిలోకి ఒక్కసారిగా తెస్తే, చల్లటి నీళ్ళ గ్లాసుకు పట్టినట్లు లెన్సుకు చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ లోపలికి చేరితే గాజుపై బూజు పట్టి లెన్సు శాశ్వతంగా చెడవచ్చు. కెమెరాను బయటనే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి లోపలికి తేవాలి. అది గది వేడికి వచ్చిన తరువాతనే సంచి విప్పాలి. చెమ్మ సంచికి పడుతుంది, కెమెరాకు పట్టదు. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు, తుడవడానికి మెత్తని గుడ్డ కూడా దగ్గర ఉండాలి. ఛాయాగ్రాహకుడు తన దేహాన్ని సైతం పరికరంగా భావించి కాపాడుకోవాలి. ఒకే మందపాటి దుస్తుకంటె పలుచని దుస్తులు పొరలుగా ధరించడం మేలు. పొరల మధ్య చిక్కిన గాలి వేడిని నిలుపుతుంది. తెలంగాణ గొర్రెల కాపరుల గొంగడి చలికి, మంచుకు ఎంతకాలంగానో రక్షణనిస్తున్నది. చేతులకు వేలి చివరలు తెరచి ఉన్న తొడుగులు వేసుకుంటే మీటలు నొక్కడం సులభం.

ఇన్ని సదుపాయాలు లేని రోజులలోనే గొప్ప చిత్రాలు వెలువడ్డాయి. 1863లో భారతదేశానికి వచ్చిన ఆంగ్లేయుడు శామ్యూల్ బోర్న్ మూడుసార్లు హిమాలయాలలో పర్యటించాడు. 1866లో మనీరంగ్ కనుమ వద్ద సుమారు 18,600 అడుగుల ఎత్తున చిత్రాలు తీశాడు. గాజుపలకపై రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, గుడారపు చీకటిలో వెంటనే కడగవలసిన కాలమది. వణికే చేతులతో ఆ పని చేయడం ఎంత కష్టమో ఊహించవచ్చు. తరువాత పొడిపలకలు వచ్చి పని కొంత తేలికైంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) హైదరాబాదు కట్టడాలను, గోల్కొండను, నాటి జనజీవనాన్ని పెద్ద కెమెరాలతో చిత్రించాడు. ఆయన సంస్థకు చెందిన 2,800కు పైగా గాజుపలకలను 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన స్మారకంగా స్టాంపు వెలువరించింది.

ఆనాటి చిత్రాల విలువ అందంతో ముగిసిపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన మహావరద వేలాదిమందిని బలిగొని, నదీతీరపు పేటలను తుడిచిపెట్టింది. తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మితమై నది స్వభావమే మారిపోయింది. ఆనాటి తీరం ఎట్లుండేదో, వరద ఏమి మిగిల్చిందో నేడు మనకు కళ్ళకు కట్టేవి నాటి ఛాయాచిత్రాలే. తీసిన నాడు వార్తగా ఉన్న చిత్రం నూరేండ్ల తరువాత సాక్ష్యమవుతుంది. కార్వాన్‌లో ఈ చలికాలం తీసిన చిత్రానికి కూడా ఆ యోగ్యత ఉంది. చుట్టూ మేడలు పెరుగుతున్నాయి. నేడు కనిపించే కొండ రేపు గోడ వెనుకకు పోవచ్చు.

అందుచేత ఛాయాగ్రాహకుడు సత్యనిష్ఠను పాటించాలి. మసీదు ముందరి విద్యుత్తు తీగలు చూపుకు అడ్డమని కంప్యూటరు సాయంతో చెరిపివేయడం నేడు క్షణంలో పని. కాని చెరిపిన చిత్రం అలంకారమవుతుంది, సాక్ష్యం కాజాలదు. నిలిచే చోటు మార్చి తీగలను తప్పించడం కళ. ఉన్నవాటిని లేవని చెప్పడం అసత్యం. ప్రతి చిత్రానికి తేదీ, వేళ, స్థలం వ్రాసి ఉంచడం మంచి అలవాటు. మరికొన్ని మర్యాదలు కూడా ఉన్నాయి. ప్రార్థనాస్థలంలో అక్కడివారి అనుమతి పొందాలి. మనుషులను చిత్రించేముందు వారి సమ్మతి అడగాలి. కేంద్ర పురావస్తుశాఖ రక్షణలోని కట్టడాలలో ట్రైపాడ్ వాడుకకు అనుమతి అవసరం. గోల్కొండ పరిసరాలలోని సైనిక ప్రదేశాల నిబంధనలను తప్పక పాటించాలి.

చలికాలపు వెలుగు ఎవరికోసమూ ఆగదు. ముందురోజే స్థలం చూచుకొని, బ్యాటరీ నింపుకొని, చీకటితోనే లేచి వెళ్ళినవానికి అది దక్కుతుంది. ఎంత విలువైన కెమెరా ఉన్నా పొద్దెక్కి లేచినవానికి దక్కదు. ఓపికతో నిరీక్షించి, ఉన్నదానిని ఉన్నట్లు పట్టి ఉంచిన చిత్రం తీసినవానికి ఆనందాన్ని, రాబోయే తరానికి తన ఊరి రూపాన్ని అందిస్తుంది.

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. చలికాలపు ఉదయకాంతి ప్రత్యేకతను కార్వాన్ ప్రాంతం ఆధారంగా వివరించండి.
2. చలిలో ఛాయాగ్రాహకుడు తీసుకోవలసిన జాగ్రత్తలను తెలపండి.

II. సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. పొగమంచు ఎట్లు ఏర్పడుతుంది?
2. కెమెరాను వెచ్చని గదిలోకి తెచ్చేటప్పుడు ఏమి చేయాలి? ఎందుకు?
3. 'తీసిన నాడు వార్తగా ఉన్న చిత్రం నూరేండ్ల తరువాత సాక్ష్యమవుతుంది' - ఈ వాక్యాన్ని సమర్థించండి.