మిరప కోతల నడుమ శ్రమ దినాలు

క్రీస్తు పునరుత్థానాన్ని స్మరించే ఈస్టరు పండుగకు ముందు క్రైస్తవులు ఉపవాసంతో, ప్రార్థనతో గడిపే నలభై రోజుల కాలానికి ఇంగ్లీషులో లెంట్ అని పేరు. పగటి పొద్దు పొడుగయ్యే వసంత ఋతువును తెలిపే పాత ఇంగ్లీషు మాట నుంచి ఆ పేరు పుట్టింది గనుక అందులో ఉపవాసం ఊసుగాని, సిలువ ఊసుగాని లేదు. తెలుగు పేర్లు అలా కాదు. కతోలికులు ఈ కాలాన్ని తపస్సుకాలం అంటారు, ప్రొటెస్టంటు సంఘాలవారు శ్రమ దినాలు అంటారు. ఈ రెండో పేరులో ఒక విశేషం ఉంది. ‘శ్రమ’ అంటే తెలుగు బైబిలులో బాధ, హింస, యాతన అని అర్థం. వాడుకలో మాత్రం ఒళ్లు వంచి చేసే పని అనే అర్థమే ముందు తోస్తుంది. ఎగువ కృష్ణా ప్రాంతంలోని నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో ఈ రెండర్థాలూ ఏటా ఒకే కాలంలో వచ్చి కలుస్తాయి, ఎందుకంటే చర్చిలో శ్రమ దినాలు నడిచే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలే ఇక్కడి చేలలో మిరప కోతలు ముమ్మరంగా సాగే నెలలు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చిన ఈ ప్రాంతం అంతకుముందు కృష్ణా జిల్లాకు వాయవ్య సరిహద్దు. డెల్టా కాలువల కింద వరి పండే దిగువ భూములకు భిన్నంగా, మున్నేరు, పాలేరు పారే ఈ మెట్ట భూముల్లో పత్తి, మిరప ముఖ్యమైన పంటలు. పండిన కాయను చెట్టు మీద వదిలేస్తే రంగు తగ్గుతుంది కాబట్టి కోత ఆగదు. ఉదయం ఎండ ఎక్కకముందే చేలోకి దిగిన ఆడకూలీలు ముఖానికి గుడ్డ చుట్టుకుని మధ్యాహ్నం దాకానో సాయంత్రం దాకానో కాయ కోస్తారు, కోసిన కాయ కల్లంలో ఎండుతుంటే తాలుకాయలు ఏరుతారు. పల్లె సంఘాల్లో సభ్యులు చాలావరకు ఈ కూలీలు, చిన్న రైతులు, కౌలుదార్లు, వాళ్ల పిల్లలు. అందువల్ల శ్రమ దినాల కార్యక్రమాన్ని పంచాంగం ఎంతగా నిర్ణయిస్తుందో పంట కూడా అంతగానూ నిర్ణయిస్తుంది.

పంచాంగం సంగతి కొంత వివరించాలి. వసంత విషువత్తుకు గుర్తుగా చర్చి లెక్కలో స్థిరపరచిన మార్చి 21న గాని ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టరు. కనుక అది మార్చి 22, ఏప్రిల్ 25 తేదీల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అక్కడి నుంచి 46 రోజులు వెనక్కి లెక్కించగా వచ్చే బుధవారం శ్రమ దినాలకు ఆరంభం. నలభై అని చెప్పి 46 రోజులు లెక్కించడంలో పొరపాటు లేదు. ప్రతి ఆదివారమూ పునరుత్థానపు జ్ఞాపక దినమే కాబట్టి మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలను ఉపవాస దినాల్లో కలపరు. చంద్రుణ్ణి బట్టి నడిచే ఈ లెక్క వల్ల ఈ మెట్ట ప్రాంతంలో ఒక ఆసక్తికరమైన ఇరుగుపొరుగుతనం ఏర్పడింది. నందిగామకు, జగ్గయ్యపేటకు మధ్య మున్నేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలులో ఫాల్గుణ మాసంలో జరిగే తిరుపతమ్మ చిన్న తిరునాళ్ల తరచుగా శ్రమ దినాల్లోనే వస్తుంది. 2025లో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలైతే శ్రమ దినాల తొలి రోజైన భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది. ఒకే వీధిలో ఒక ఇంటివారు ఉపవాసం విడిచే వేళకు మరో ఇంటివారు ప్రార్థన కూడికకు బయలుదేరడం ఆ ఏడాది అరుదైన దృశ్యమేమీ కాదు.

ఈ ప్రాంతపు ప్రొటెస్టంటు సంఘాలకు మూలం వెతికితే రాఘవాపురం అనే పల్లె దగ్గర ఆగాలి. ఇంగ్లండుకు చెందిన చర్చి మిషనరీ సొసైటీ తెలుగు దేశంలో 1841లో మచిలీపట్నం కేంద్రంగా పని ప్రారంభించింది; రాబర్ట్ నోబుల్ నడిపిన పాఠశాల ద్వారా ఆ పని మొదట పట్టణంలోని అగ్రవర్ణ విద్యార్థుల మధ్యనే సాగింది. 1859లో రాఘవాపురానికి చెందిన మాల కులస్థుడు పాగోలు వెంకయ్య బెజవాడలో ఉన్న మిషనరీ థామస్ యంగ్ డార్లింగ్ ద్వారా బాప్తిస్మం పొందడంతో దాని దిక్కు మారింది. మిషనరీ తన పల్లెకు రాకముందే వెంకయ్య విగ్రహాలను విడిచి, పేరు తెలియని దేవుణ్ణి వెతుక్కుంటూ ఏళ్ల తరబడి ప్రార్థించాడని సంఘ చరిత్రలు చెబుతాయి. ఆ తరువాత బంధుత్వాల దారి వెంట ఒక పల్లె నుంచి మరో పల్లెకు, మొదట మాలల్లోను తరువాత మాదిగల్లోను, క్రైస్తవం వ్యాపించింది. దీన్ని మిషనరీల విజయంగా రాసినవారు ఎక్కువ, కాని పల్లె నుంచి పల్లెకు కబురు మోసినవాళ్లు వెంకయ్యవంటి స్థానికులే. ఈ సంఘాలు తరువాత దోర్నకల్ అధ్యక్ష ఖండం కిందికి వచ్చాయి. అధ్యక్ష ఖండం అంటే ఒక బిషప్పు పాలనలో ఉండే ప్రాంతం. 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య దానికి అధ్యక్షుడు. 1947 సెప్టెంబరు 27న వివిధ ప్రొటెస్టంటు సభలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడగా ఈ సంఘాలు అందులో భాగమయ్యాయి.

చరిత్ర తెలిస్తేనే ఆచారంలోని కొన్ని వింతలు అర్థమవుతాయి. తొలి రోజును భస్మ బుధవారం అంటారు. కతోలికులు విభూది బుధవారం అంటారు. గత సంవత్సరం ఈస్టరుకు ముందటి మట్టల ఆదివారంనాడు ఆశీర్వదించిన ఆకులను కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు పెట్టడం కతోలిక దేవాలయాల్లో ఆచారం. ఆంగ్లికన్ సభలో మాత్రం 1548లోనే, సంస్కరణ ఉద్యమ కాలంలో, బూడిద పెట్టడం మాన్పించారు. పేరు మాత్రం మిగిలింది. ఆ సంప్రదాయాన్ని తెచ్చిన మిషనరీల వల్ల పల్లె సంఘాలకు భస్మం లేని భస్మ బుధవారం అలవాటైంది. ఇప్పుడు కొన్ని సంఘాలు బూడిదను తిరిగి తెచ్చుకున్నాయి, కొన్ని తెచ్చుకోలేదు. నుదుట విభూది అంటే శైవ సంప్రదాయం గుర్తుకు వచ్చే తెలుగు నేల మీద ఈ సంకోచం సహజమే.

శ్రమ దినాలకు అసలు ప్రాణం రాత్రి వేళ ఇళ్లలో జరిగే కూడికలు. సాధారణంగా ఒక పాస్టరేటు, అంటే ఒక గురువు సంరక్షణలోని సంఘాల సముదాయం, పట్టణంలో ఒక పెద్ద చర్చితోపాటు చుట్టుపక్కల పల్లెల్లోని అనేక చిన్న సంఘాలను కలుపుకుని ఉంటుంది. సంఘస్థులు అయ్యగారు అని పిలిచే ఆ గురువు ప్రతి రాత్రీ ప్రతి పల్లెలోనూ ఉండలేడు కాబట్టి నలభై రాత్రుల భారం పల్లెలో వాక్యం చెప్పే ఉపదేశి మీద, సంఘ పెద్దల మీద, స్త్రీల మైత్రి అనే మహిళా సమాజం మీద పడుతుంది. ఏ రాత్రి ఏ ఇంట్లో కూడిక అన్నది ముందుగానే ఆదివారం ఆరాధనలో చదువుతారు. వంతు వచ్చిన ఇంటివారు వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి, పట్టాలు పరిచి, చర్చి నుంచి కుర్చీలు మోయించుకుంటారు. కూలికి వెళ్లినవారు వచ్చి, కాయ ఘాటుకు మండే చేతులు కడుక్కుని, వంట ముగించుకునేసరికి ఏడున్నరో ఎనిమిదో అవుతుంది. అందరూ కూడేదాకా పాటలు పాడుతూనే ఉంటారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనలకు రాగం, తాళం ముద్రించి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు కర్ణాటక సంగీత మర్యాదలో రాసిన ఆ కీర్తనల్లో క్రీస్తు శ్రమలకు ప్రత్యేక విభాగమే ఉంది. ఏడాదిలో తక్కిన రోజుల్లో కీబోర్డు పాటలు పాడే యువకులు కూడా ఈ రోజుల్లో పెద్దవాళ్ల గొంతు పట్టుకుని పాత కీర్తనలకు రావలసిందే.

పాట తరువాత బైబిలులోని శ్రమల ఘట్టం ఒకటి చదివి, దాని మీద ఒకరు మాట్లాడతారు. ఆ మాట్లాడేది ఉపాధ్యాయుడు కావచ్చు, అంగన్‌వాడీ కార్యకర్త కావచ్చు, అక్షరం రాకపోయినా వాక్యమంతా నోటికి వచ్చిన ముసలమ్మ కావచ్చు. తరువాత ‘మనవులు’ అడుగుతారు. అంటే ఎవరి అక్కర వాళ్లు పైకి చెబితే అందరూ దాని కోసం ప్రార్థిస్తారు. మార్చి నెల గనుక పదో తరగతి పరీక్షల మనవి ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. దాని వెనక మిరప ధర, కౌలు బాకీ, బిడ్డ కాన్పు, హైదరాబాదులో పని వెతుక్కుంటున్న కొడుకు, మోకాళ్ల నొప్పి వరసగా వస్తాయి. ఒక పల్లె ఆర్థిక స్థితిని తెలుసుకోదలచిన పరిశోధకుడికి ఇంతకంటె నమ్మదగిన సభ దొరకదు. చివర టీ, బిస్కెట్లు, లేదా గుగ్గిళ్లు. ఉపవాస కాలంలో ఆతిథ్యం ఇంటింటికీ పెరిగిపోయి పోటీగా మారకుండా టీతో సరిపెట్టాలని పెద్దలు కట్టడి చేయడమూ ఉంది. ఆ కట్టడి మొదటి వారం నిలిచినంతగా చివరి వారం నిలవదు.

ఇక ఉపవాసం. కతోలిక సభ చట్టం ప్రకారం విభూది బుధవారం, సిలువ మరణాన్ని స్మరించే పవిత్ర శుక్రవారం రెండు రోజులూ 18 ఏళ్లు నిండినవారు అరవయ్యో ఏడు మొదలయ్యేదాకా ఉపవాసం ఉండాలి, అంటే నిండు భోజనం ఒక్కసారే చేయాలి. మాంసం మానే నియమం 14 ఏళ్లు నిండినవారందరికీ వర్తిస్తుంది. ప్రొటెస్టంటు సంఘాల్లో ఇలాంటి చట్టం లేదు. ఎవరి మొక్కు వారిది. ఎండలో పని చేసేవారు పగలంతా పస్తుండలేరు గనుక కొందరు ఉదయం పూట మానేస్తారు, కొందరు శుక్రవారాలు మాత్రమే ఉంటారు, కొందరు మాంసమో టీయో సినిమాయో మానేస్తారు. తాతముత్తాతల కాలంలో ఆకలి ఇష్టపడి తెచ్చుకున్నది కాని సంఘాల్లో ఉపవాసం మీద కంటె ఇవ్వడం మీద ఎక్కువ పట్టు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యం నుంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెచ్చే ‘పిడికెడు బియ్యం’ ఆచారం తెలుగు సంఘాల్లో పాతది. చేతిలో డబ్బు ఆడని ఆడవాళ్లు కూడా తమదని చెప్పి ఇవ్వగలిగిన కానుక అది.

ఈ కాలంలో పెళ్లిళ్లు చేయరు. మూఢంలోను శూన్యమాసంలోను ముహూర్తాలు లేవని ఆగే పొరుగువారికి ఈ నియమం విడమరచి చెప్పనక్కరలేదు. బయటికి కనపడని మరో నియమం ఇంతకంటె కఠినమైనది. ఒకరి మీద ఒకరు పగ పెట్టుకున్నవారిని సమాధానపడేదాకా ప్రభు భోజనానికి, అంటే వాడుకలో ‘బల్ల’కు, చేర్చుకోరాదని ఆంగ్లికన్ ప్రార్థనల గ్రంథం పూర్వం నుంచీ చెబుతోంది. సరిహద్దు గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, తోడికోడళ్ల మాటపట్టింపులు ఈస్టరుకు ముందటి పరిశుద్ధ గురువారంలోగా తేల్చాలని పెద్దలు పూనుకోవడానికి ఈ నియమమే ఆధారం. అన్నీ తేలవు. బల్ల దగ్గరికి రాకుండా వెనక వరసలో ఉండిపోయినవారిని చూసి సంఘమంతా లెక్క కట్టుకుంటుంది.

చివరి వారం మట్టల ఆదివారంతో మొదలవుతుంది. యేసు యెరూషలేములో ప్రవేశించినప్పుడు జనం ఖర్జూరపు మట్టలు పట్టుకుని ఎదురేగిన ఘట్టానికి ఇది గుర్తు. ఈ మెట్టలో ఈత మట్టలు, కొబ్బరి మట్టలు ఆ పని చేస్తాయి. గురువారం రాత్రి ప్రభు భోజనం. కతోలిక దేవాలయాల్లో గురువు పన్నెండుమంది పాదాలు కడుగుతాడు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా జరిగే ఆరాధనలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు వివరిస్తారు. బైబిలంత పాతదని సంఘస్థులు భావించే ఈ మూడు గంటల ఆరాధన నిజానికి దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో పుట్టింది. 1687లో లీమా నగరాన్ని భూకంపం కూల్చిన తరువాత అక్కడి జెస్విట్ గురువు అలోన్సో మెసియా దీన్ని రూపొందించాడు. స్పెయిన్, ఇటలీ మీదుగా ఇంగ్లండు చేరి, అక్కడి నుంచి ఆంగ్లికన్లతో ఇక్కడికి వచ్చిన కతోలిక భక్తి విధానం ఇవాళ తెలుగు ప్రొటెస్టంటు పల్లెలో ఏడాదిలోకెల్లా పెద్ద ఆరాధన. లెంటును వాక్యంలో లేని ఆచారమని పాటించని స్వతంత్ర సంఘాలవారు కూడా చాలామంది ఆ మూడు గంటలు వదులుకోరు.

శుభ శుక్రవారం అని కూడా పిలిచే ఈ రోజు ప్రభుత్వ సెలవు. ఆ సెలవు ఉద్యోగికి జీతంతో కూడినది, మిరప చేలో కూలికి కాదు; ఆ రోజు చేలోకి వెళ్లనివారు ఆనాటి కూలి వదులుకున్నట్టే. సంఘ సభ్యత్వం విషయంలోనూ కాగితానికీ జీవితానికీ ఇలాంటి దూరమే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తరువాతి సవరణలు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు పరిమితం చేయగా, క్రైస్తవులైన దళితులు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ కింద ఒక్క శాతం రిజర్వేషను పరిధిలోకి వస్తారు. ఆ హోదా పోకుండా కాగితం మీద హిందువులుగానే ఉండిపోయేవారు ఉన్నారు. తెల్ల బట్టలు కట్టుకుని శుక్రవారం మధ్యాహ్నం చర్చి నిండా కూర్చున్నవారి సంఖ్యను జనాభా లెక్కల్లో వెతకడం అందుకే వృథా. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు నుంచి గురువారం రాత్రి బస్సుల్లో దిగినవారూ వారిలో ఉంటారు.

శనివారం సమాధుల పని. గోరీలకు సున్నం వేస్తారు, చుట్టూ కంప కొట్టి చెత్త తీస్తారు. సిమెంటు గోరీ కట్టించగలిగినవారు కొందరే. తక్కినవి మట్టి దిబ్బలు, వాన వానకూ కుంగిపోయి పక్కదానిలో కలిసిపోతాయి. ఏ దిబ్బ ఎవరిదో గుర్తుపట్టగల పెద్దవాళ్లను వెంట తీసుకువెళ్లి, వారు చూపిన చోట మన్ను పోసి ఎత్తు చేస్తారు. ఆదివారం తెల్లవారకముందే పూలతో, కొవ్వొత్తులతో కుటుంబాలన్నీ అక్కడికి చేరి, పొద్దు పొడిచేదాకా పునరుత్థాన కీర్తనలు పాడతాయి. కతోలికులు ఈ జ్ఞాపకాన్ని నవంబరు 2న జరుపుకుంటారు గనుక ఒకే శ్మశానంలో ఏడాదికి రెండుసార్లు దీపాలు వెలిగే ఊళ్లూ ఉన్నాయి. ఈస్టరు మధ్యాహ్నం చాలా ఇళ్లలో మాంసం వండుతారు. సోమవారం చేలో ఆఖరి కోత మిగిలే ఉంటుంది.