అరచేతి తెర మీదికి పాత బొమ్మ

వార్తాపత్రికలో అచ్చయిన నలుపు తెలుపు ఫోటోను భూతద్దంతో ఎప్పుడైనా చూశారా? అందులో బూడిద రంగు ఎక్కడా వుండదు. వున్నవన్నీ నల్లని చుక్కలే! చుక్కలు పెద్దవైన చోట ముదురుగానూ, చిన్నవైన చోట లేతగానూ మన కంటికి తోస్తుంది. కంటిని ఇలా మభ్యపెట్టే ఉపాయమే మరో చోట కూడా పనికివచ్చింది.

1996లో అమెరికాలో 'పైలట్' అనే అరచేతి కంప్యూటర్ అమ్మకానికి వచ్చింది. దాని తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 160 చుక్కలు. చౌకరకం యంత్రంలో జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లే. మామూలుగా అది చూపగలిగినవి నలుపు, తెలుపు మాత్రమే. అటువంటి యంత్రంలో 1990 ప్రాంతపు రంగుల బొమ్మ ఒకటి చూడాలనుకుందాం. ఎలా?

ఆ బొమ్మ 'పీసీఎక్స్' రకం ఫైలు అనుకోండి. ముందు దాని మడతలు విప్పాలి. ఒకే రంగు చుక్కలు వరసగా పది వస్తే ఈ ఫైలు పదిసార్లు రాయదు. 202 అని రాసి, పక్కన రంగు సంఖ్య వేస్తుంది. 202 లోంచి 192 తీసేస్తే 10 కదా! అంటే 'ఈ రంగు పదిసార్లు' అని అర్థం. ఇలా విప్పితే 320 అడ్డం, 200 నిలువు, మొత్తం 64,000 చుక్కలు వస్తాయి.

ఇప్పుడు బొమ్మను కుదించాలి. అడ్డం సగం 160, నిలువు సగం 100 అంటారా? ఆగండి. ఆనాటి తెర మీద ఈ చుక్కలు చదరంగా వుండేవి కావు, కాస్త పొడుగ్గా వుండేవి. తెర కొలత 4:3 కాబట్టి 160కి 120 సరైనది. ఇది మరిచిపోతే బొమ్మలోని మనుషులంతా పొట్టివాళ్ళయిపోతారు!

తర్వాత రంగులు తీసివేయాలి. మూడు రంగులనూ సమంగా కలిపితే సరిపోదు. మన కన్ను ఆకుపచ్చను ఎక్కువగా, నీలాన్ని తక్కువగా పట్టించుకుంటుంది. అందుకని నూటికి ఎరుపు 30, ఆకుపచ్చ 59, నీలం 11 పాళ్ళు తీసుకుంటారు. దాంతో ప్రతి చుక్కకూ ఒక వెలుగు విలువ వస్తుంది. నలుపు 0, తెలుపు 255.

అసలు చిక్కు ఇక్కడుంది. 128 కంటే తక్కువైతే నలుపు, లేకపోతే తెలుపు అనుకుంటే, విలువ 100 వున్న ఆకాశమంతా కాటుక పులిమినట్లవుతుంది. మరి ఏం చేయాలి? బాకీ లెక్క రాయాలి! మొదటి చుక్క 100. దాన్ని నలుపు చేశాం, అంటే 100 బాకీ పడ్డాం. ఆ బాకీని పక్క చుక్కకు కలిపితే 200. అది తెలుపు. కాని తెలుపంటే 255 కాబట్టి 55 ఎక్కువ ఇచ్చేశాం. దాన్ని మూడో చుక్కలో తగ్గిస్తే 45, కనుక నలుపు. ఇలా పది చుక్కలు వేస్తే నాలుగు తెల్లగా వస్తాయి. వాటి వెలుగు మొత్తం 1020. రావలసింది 1000. ఎంత దగ్గరో చూడండి!

అమెరికాకు చెందిన ఫ్లాయిడ్, స్టైన్‌బర్గ్ 1976లో ఈ బాకీని ఒక్క పక్కకే కాక నలుగురికీ పంచారు. పదహారు వంతుల్లో కుడి చుక్కకు 7, కింద వరసలో ఎడమ మూలకు 3, సరిగ్గా కిందికి 5, కుడి మూలకు 1. దీనివల్ల చారలు పడటం తగ్గి, బొమ్మ సహజంగా కనిపిస్తుంది. అయితే ముఖాలకూ మబ్బులకూ ఇది ఎంత బాగుంటుందో, సన్నని అక్షరాలకు అంత చేటు, అంచులు చెదిరిపోతాయి. అక్షరాలకు ఆ మొరటు పద్ధతే నయం.

చివరికి ఎనిమిది చుక్కలను ఒక బైటులో సర్దితే, 19,200 చుక్కల బొమ్మ 2,400 బైట్లలో ఇమిడిపోతుంది. కాని ఇందులోంచి పాత రంగులను తిరిగి రప్పించలేం. కాబట్టి అసలు ఫైలును చెరిపివేయకూడదు.

గళ్ళ కాగితం తీసుకుని, విలువ 200 వున్న పది చుక్కలకు మీరే బాకీ లెక్క కట్టండి. తెల్లవి ఎనిమిది రావాలి.