మెట్టు ఎక్కే వ్యాయామం – కాళ్లకు బలం



జబ్బు తగ్గింది, ఇంటికి వెళ్లారు. కానీ అమ్మగారు కుర్చీలోంచి లేవలేకపోతున్నారు. మరుగుదొడ్డికి వెళ్లాలన్నా ఒకరు పట్టుకోవాలి. "ఇంకా నీరసం పోలేదు" అనుకుంటారు మీరు. చాలామందిలో ఇది తొడ కండరాల బలహీనత. పెద్ద వయసువారు 10 రోజులు మంచం పట్టినా కాళ్లలో కండ తగ్గిపోతుంది. టానిక్కులతో అది తిరిగి రాదు. గుడ్డు, పప్పు, పాలు తింటూ కాళ్లకు పని చెబితేనే వస్తుంది. "నువ్వు కదలకమ్మా, మేమున్నాం" అని అన్నీ మీరే చేసిపెడితే కాళ్లు ఇంకా బలహీనపడతాయి.

ముందుగా డాక్టరుగారిని అడగండి. ఎముక విరిగినవారు, ఆపరేషన్ అయినవారు, గుండెజబ్బు, పక్షవాతం, అదుపులో లేని బి.పి. ఉన్నవారు అనుమతి లేకుండా చేయకూడదు. కుర్చీలోంచి సొంతంగా లేవలేనివారికి మొదట కుర్చీలో కూర్చుని లేవడమే వ్యాయామం.

ఎలా చేయించాలి?

1. 4 నుండి 6 అంగుళాల ఎత్తున్న, కదలని, తడిలేని మెట్టు చూడండి. పీట వద్దు, జారుతుంది. పక్కన గోడ గానీ కిటికీ ఊచలు గానీ ఉండాలి.
2. ఒక పాదం మడమతో సహా మెట్టుపై పెట్టాలి. మోకాలు లోపలికి వాలకూడదు.
3. కింది కాలితో నేలను తన్నకుండా, పైకాలి బలంతోనే లేవాలి. ఊపిరి బిగబట్టకూడదు.
4. మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. దిగేటప్పుడే కండరానికి మంచి పని పడుతుంది.
5. ఒక్కో కాలితో 5 సార్లతో మొదలుపెట్టి 10 సార్లకు పెంచండి.

బరువు ఎప్పుడు?

10 సార్ల చొప్పున రెండు విడతలు తేలికగా చేయగలిగితే బరువు కలపండి. అర లీటరు నీళ్ల సీసా అంటే అర కిలో. పిల్లల స్కూలు బ్యాగులో ఒక సీసా వేసి రెండు భుజాలకూ తగిలించండి. అప్పుడు చేతులు ఖాళీగా ఉంటాయి, ఊచలు పట్టుకోవచ్చు. చివరి రెండుసార్లు కాస్త కష్టంగా ఉంటే ఆ బరువు సరిపోయినట్టే. అది తేలికైనాకే మరో సీసా. వారానికి 2 లేక 3 రోజులు చాలు, మధ్యలో ఒకరోజు విశ్రాంతి ఇవ్వండి.

ఒక మాట గుర్తుంచుకోండి. వ్యాయామంలో ఏ కాలికి బలం కావాలో ఆ కాలు మెట్టుపై ఉంటుంది. మామూలుగా మెట్లెక్కేటప్పుడు మాత్రం బలమైన కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు.

వెంటనే ఆపండి

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం, మోకాలిలో పోటు వస్తే ఆపి కూర్చోబెట్టండి. ఛాతీ నొప్పి, ఆయాసం తగ్గకపోయినా, ఒక పిక్క వాచి నొప్పిగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. మర్నాడు తొడలు కాస్త నొప్పిగా ఉండటం మాత్రం మామూలే. షుగరు ఉన్నవారు పాదానికి సరిగ్గా సరిపోయే, జారని చెప్పులు వేసుకుని చేయాలి. తర్వాత వారి అరికాళ్లు చూడండి.

మీరు పక్కనే, ఒక అడుగు వెనకగా నిలబడండి. రెక్క పట్టి పైకి లాగకండి. శృంగారమను దేవాలయ ద్వారం దగ్గర పేతురు కుంటివానికి చెయ్యి అందించాడు, నడిచింది మాత్రం అతడే. మీరూ చెయ్యి అందుబాటులో ఉంచండి, అడుగు వారినే వేయనివ్వండి. ప్రభువు మీ ప్రయాసను దీవించును గాక.