వేసవి చిత్రములు – వెనుకటి నాయికలు

అమెరికా దేశమున టర్నర్ క్లాసిక్ మూవీస్ అను టెలివిజన్ సంస్థ యొకటి గలదు. 1994వ సంవత్సరమున నారంభింపబడిన యీ సంస్థకు పాత చలనచిత్రములను ప్రదర్శించుటయే ముఖ్యమైన పని. 2003 మొదలుకొని యది ఆగస్టు నెలలో నొక యుత్సవమువంటి కార్యక్రమమును జరుపుచున్నది. నెలలోని యొక్కొక్క దినమును ఒక్కొక్క నటునకో, నటీమణికో యర్పించి, ఆనాడంతయు వారి చిత్రములనే వరుసగా చూపుదురు. మనకు ఆగస్టు వానల నెల, శ్రావణమాసపు నోముల నెల. వారి కది యింకను వేసవియే.

ఈ పద్ధతి మాకు మిగుల నచ్చినది. ఒక్కొక్క నాయికను విడిగా దీసికొని, ఆమె చిత్రములను వరుసగా జూచినచో, ఆమె యే వయస్సున నెట్టి పాత్ర ధరించినదో, ఏ సంవత్సరము లామె చిత్రములు లేక ఖాళీగా నున్నవో స్పష్టముగా గానవచ్చును. మొన్నటి వేసవి సెలవులలో మేమును, ఇరుగుపొరుగు సోదరీమణు లిద్దఱు ముగ్గురును గూడి, డాబాపై వడియములు పెట్టివచ్చి, మధ్యాహ్నపు టెండకు తలుపులు మూసికొని, 1930 మొదలు 1950 వఱకు హాలివుడ్‌లో తయారైన చిత్రములను రోజున కొకటి చొప్పున జూచితిమి. బొమ్మ క్రింద వచ్చు నింగ్లీషు అక్షరములను చదువుకొనుచు జూచుటచేత కథ గ్రహించుట కష్టము కాలేదు. కష్టమైన దేమనగా, ఆ ఖాళీ సంవత్సరముల యర్థమును గ్రహించుట. ఆ విషయమునే యిచ్చట ముచ్చటింప దలచితిమి.

ఆ దినములలో హాలివుడ్ నాయిక యొక కంపెనీకి ఏడేండ్ల ఒడంబడిక వ్రాసియిచ్చెడిది. ఏ కథలో నటింపవలెనో, ఎవరి సరసన నటింపవలెనో కంపెనీయే నిర్ణయించును. తమకు పని లేనపుడు ఆమెను వేఱొక కంపెనీకి అద్దెకిచ్చి లాభము దీసికొందురు. కాశీ నగరపు వీథిలో నమ్ముడువోయిన చంద్రమతి యొక్క యింటి దాస్యమే చేసినది. వీరి నొక యింటివారు కొని వేఱొక యింటికి గూడ పనికి బంపుచుండిరి! పాత్ర నచ్చలేదని నాయిక నిరాకరించిన యెడల ఆమెను కొన్నాళ్లు పనినుండి తొలగించి, జీతము నిలిపివేయుదురు. అంతటితో బోదు. ఆ తొలగించిన దినముల నన్నిటిని లెక్కగట్టి, ఏడేండ్ల చివరను దగిలింతురు. పని లేని దినములకు జీతము కోయుట లోకమున నున్నదే. కోసిన దినములను మరల ఒడంబడికకు ముడివేయుట మాత్రము మేమెచ్చటను వినలేదు. ఆత్మాభిమానము గల నాయికకు ఏడేండ్లు ఎన్నటికిని ఏడేండ్లుగా ముగియ వన్నమాట.

ఈ పద్ధతి నెదిరించి మొదట న్యాయస్థానము దాక బోయిన వారిలో బెట్టీ డేవిస్ ముఖ్యురాలు. 1908లో జన్మించిన యీమెకు 1935వ సంవత్సరపు చిత్రమునకు ఆస్కారు బహుమానము లభించినది. అయినను వార్నర్ బ్రదర్స్ కంపెనీవా రామె కిచ్చు పాత్రలు తీసికట్టుగనే యుండెను. 1936లో నామె యింగ్లండునకు బోయి అచ్చట వేఱొక చిత్రమున నటింప బూనగా, కంపెనీవారు లండన్ నగరమున వ్యాజ్యెము వేసిరి. కంపెనీ తరపు న్యాయవాది యామెను అల్లరిపిల్లగా వర్ణించి వాదించెను. ఇరువదియెనిమిదేండ్ల స్త్రీ తన పనినిగూర్చి న్యాయము గోరి వచ్చినపుడు ఆమె నొక మొండిపిల్లగా జిత్రించుట యెంత సులువో గదా! ఆమె యోడిపోయినది, వెనుకకు వచ్చి మరల ఆ కంపెనీలోనే పనిచేసినది. విచిత్రమేమనగా, అటుపై నామెకు మంచి కథలే దొరకినవి. 1938 నాటి ‘జెజెబెల్’ చిత్రమున కామె రెండవసారి ఆస్కారు బహుమానము నందెను.

ఆమె చిత్రములలో మా గోష్ఠి కెక్కువగా నచ్చినది 1942లో వెలువడిన ‘నౌ, వాయేజర్’. బోస్టన్ నగరమున ధనికకుటుంబమున బుట్టిన షార్లెట్ అను కన్య తల్లి పెత్తనమున నలిగి, ఏ కోరికయు నెఱుగక, వికారమైన దుస్తులతో, బిడియముతో, మేడమీది గదిలో బ్రదుకుచుండును. ఒక వైద్యుని యాదరమున నామె కోలుకొని మనిషి యగును. అత్తల యారళ్లనుగూర్చి మన సాహిత్యమున కథలు కొల్లలు. కన్నతల్లి పెట్టు నారడిని ఇంత ధైర్యముగా జూపిన కథ లరుదు. ఈ చిత్రమున నాయకుడు రెండు సిగరెట్టులు తానే ముట్టించి యొకటి నాయిక కిచ్చు దృశ్యమునకు గొప్ప ప్రసిద్ధి గలదట. మాకు మాత్ర మది రోతయే యయ్యెను.

ఇక ఒలీవియా డి హావిలండ్ కథ. ఈమె 1916లో టోకియో నగరమున నాంగ్లదంపతులకు జన్మించి, కాలిఫోర్నియాలో బెరిగెను. పదునెనిమిదేండ్లకే వార్నర్ కంపెనీకి ఒడంబడిక వ్రాసియిచ్చెను. వారామెకు వీరుడైన నాయకుని ప్రక్కన సొగసుగా నిలుచు వేషములనే యెక్కువగా నిచ్చిరి. 1939 నాటి ‘గాన్ విత్ ది విండ్’ వేఱొక నిర్మాత తీసిన చిత్రము. అందలి మెలనీ పాత్రకు ఈమెను బంపుటకు యజమాని జాక్ వార్నర్ మొదట నొప్పుకొనలేదు. అప్పు డీమె యాయన భార్యను తేనీటికి బిలిచి, తన కోరికను విన్నవించుకొనెను. ఆ యిల్లాలు భర్తను ఒప్పించెను! ఎంతటి యజమానికైనను ఇంటిలో నొక న్యాయస్థానముండునని సోదరీమణు లెఱుగనిది కాదు.

ఆ పాత్రతో నామె ప్రతిభ లోకమునకు దెలిసినది. అయినను స్వంత కంపెనీలో పాత కథయే. ఆమె కొన్ని వేషములను దిరస్కరించెను, వారు తొలగించిరి. 1943లో ఏడేండ్లు నిండినవని యామె యెంచగా, తొలగింపు దినముల క్రింద నింకను ఆఱునెలలు బాకీ యున్నవని వారు చెప్పిరి. అప్పు డామె న్యాయస్థానము నాశ్రయించెను.

కాలిఫోర్నియా రాష్ట్రపు చట్టము ప్రకారము ఏ మనిషి సేవనైనను ఏడేండ్లకు మించి ఒడంబడికచే బంధింపరాదు. ఈ చట్టము అంతకు ముందునుండియు నున్నదే. తేలవలసిన దొక్కటే ప్రశ్న: ఏడేండ్లనగా పంచాంగపు లెక్కనా, కంపెనీవారి లెక్కనా? కురుసభలో ద్రౌపది వేసిన ప్రశ్న మాకు స్ఫురించినది. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా యని యామె యడిగినది ధర్మసూక్ష్మమును. కన్నీటితో బాటు తర్కమునుగూడ సభముందు బెట్టినది. ఆ సభలో భీష్మునివంటివాడే తేల్చి చెప్పలేకపోయెను. ఒలీవియా ప్రశ్నకు మాత్రము జవాబు దొరకినది. 1944 డిసెంబరులో అప్పీలు న్యాయస్థానము ఏడేండ్లనగా క్యాలెండరు ప్రకారము ఏడేండ్లే యని తీర్పు చెప్పెను. నాటినుండి ఆ చట్టమును జనులు డి హావిలండ్ చట్టమనియే వ్యవహరింతురు. తరువాతి కాలమున గాయకులును ఈ తీర్పును జూపి తమ కంపెనీలతో వాదించిరి.

వ్యాజ్యెము నడచిన కాలమున నామెను పనిలోనికి దీసికొనవలదని వార్నర్ ఇతర కంపెనీలకు జాబులు వ్రాసెను. ఇంచుమించు రెండేండ్లు ఆమె యే చిత్రమునందును నటింపలేదు. యుద్ధకాలమగుటచే సైనికుల యాసుపత్రులకు బోయి గాయపడినవారిని బలుకరించుచు కాలము గడపెను. నాయికలకు యౌవనమే మూలధనమని యెంచు వృత్తిలో ఇరువదియేడేండ్ల స్త్రీ రెండేండ్లను పణముగా నొడ్డుట సామాన్యముకాదు. ఓడిపోయి యుండినచో ఆమె పేరు మన మీనాడు వినియుందుమా యని మాకు సందేహము. మేము మొదట జెప్పిన ఖాళీ సంవత్సరము లివియే.

గెలిచిన పిమ్మట స్వేచ్ఛగా నెన్నుకొన్న పాత్రలకే యామెకు రెండు ఆస్కారు బహుమానములు వచ్చినవి: ఒకటి 1946 నాటి ‘టు ఈచ్ హిజ్ ఓన్’, రెండవది 1949 నాటి ‘ది ఎయిరెస్’. తరువాత పారిస్ నగరమున స్థిరపడి, 2020 జులైలో నూటనాలుగవ యేట గన్నుమూసెను. 2017లో, నూటయొకటవ జన్మదినమునకు ముందునాడు, టెలివిజన్ కథ యొకదానిలో తన యనుమతి లేక తన్ను జిత్రించిరని మరల వ్యాజ్యెము వేసెను. ఆ మాటు అప్పీలులో నోడిపోయెను. ఆ వయస్సున వకీలును బిలిపించు నోపిక యామెకే చెల్లినది!

కేథరిన్ హెప్‌బర్న్ దారి వేఱు. 1938లో చిత్రశాలల యజమానుల సంఘమువారు పత్రికాప్రకటనలో ఈమెను, మఱి కొందఱు తారలను, టిక్కెట్ల పెట్టెకు విషమని పేర్కొనిరి. ఈమె కంపెనీకి సొమ్ము చెల్లించి ఒడంబడికనుండి విడివడి, 1939లో ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’ అను నాటకమున రంగస్థలముపై నటించెను. నాటకము జయమొందెను. దాని చలనచిత్రపు హక్కులను మిత్రుడైన హోవర్డ్ హ్యూస్ కొనియిచ్చి యుండెను గాన, చిత్రము తీయగోరిన కంపెనీ యీమెను నాయికగా దీసికొనక తప్పలేదు. ఒలీవియా చట్టముతో గెలిచినది. ఈమె తాళపుచెవి తనయొద్ద నుంచుకొని గెలిచినది. ఉత్తమనటిగా నాలుగు ఆస్కారు బహుమానము లందినది. అందు చివరిది 1981 నాటి చిత్రమునకు, ఆమె డెబ్బది దాటిన పిమ్మట.

మన దేశమున బుట్టిన యిద్దఱి మాట చెప్పవలెను. ‘గాన్ విత్ ది విండ్’ నాయికయైన వివియన్ లీ 1913లో డార్జిలింగులో జన్మించెను. ఆమె యాంగ్లేయుల బిడ్డ గావున దానిని దాచవలసిన పని లేకపోయెను. మెర్ల్ ఓబెరాన్ కథ యట్టిది కాదు. ఆమె 1911లో బొంబాయిలో జన్మించి, కలకత్తాలో బేదఱికమున బెరిగెను. ఆమెలో దక్షిణాసియా రక్తము గలదు. ఆ కాలపు అమెరికా వలస చట్టము హిందూదేశీయులను రానీయలేదు. చిత్రములకు విధించిన నియమావళి వర్ణాంతరప్రేమను చూపనీయలేదు. కావున నామె టాస్మేనియా ద్వీపమున బుట్టితినని లోకమును నమ్మించెను. 1935 నాటి ‘ది డార్క్ ఏంజెల్’ చిత్రమున కామె పేరు ఉత్తమనటి బహుమానపు పరిశీలనకు వచ్చెను. 1939 నాటి ‘వదరింగ్ హైట్స్’ చిత్రమున నామెను జూడవచ్చును. 1978లో టాస్మేనియావారు తమ యాడుబిడ్డయని హోబర్టు నగరమున సత్కరించిరి! మరుసటి యేడామె మరణించెను. అసలు సంగతి లోకమునకు దెలిసినది తరువాతనే. నలువదేండ్లకు పైగా పుట్టినింటి పేరెత్తకుండ బ్రదుకుట యెట్టిదో, మెట్టినింట నుండి పుట్టింటిని దలచుకొను సోదరీమణు లూహింపగలరు. ఆమెను నిందించుటకు మాకు నోరు రాలేదు.

దాచుకొన వీలులేని వర్ణము గల హాటీ మెక్‌డానియెల్ గతి యింకను కఠినము. ‘గాన్ విత్ ది విండ్’లో దాసి వేషము వేసిన యీమె 1939 డిసెంబరులో అట్లాంటా నగరమున జరిగిన ప్రథమప్రదర్శనమునకు వర్ణభేదపు చట్టములచే బోజాలకపోయెను. 1940 ఫిబ్రవరి 29వ తేదీన సహాయనటిగా ఆస్కారు బహుమానము నందినది. నల్లజాతివారిలో ఆ గౌరవము పొందిన మొదటి వ్యక్తి యీమెయే. కాని యా విందుశాలలో నామెను తోటి నటులనుండి వేఱుచేసి, ప్రక్కగా నున్న యొక చిన్న బల్లయొద్ద గూర్చుండబెట్టిరి. వంటయింటి గడపదాటి పిలువని పంక్తి యెట్లుండునో మన యూళ్లలోను జూచియే యున్నాము. ఆమె బహుమానముగా నందిన ఫలకము హోవర్డ్ విశ్వవిద్యాలయమునకు జేరి, అచ్చట కనబడకపోయెను. 2023లో బహుమానసంస్థవారు దానికి బదులు వేఱొకటి చేయించి యిచ్చిరి.

ఈ చిత్రములన్నియు గొప్పవని మేము చెప్పము. కొన్నిటి కథ మఱీ పలుచన. కొన్నిటిలో నాయిక తెలివి యంతయు చివరి పది నిమిషములలో బెండ్లిపీటలపై గరగిపోవును. ‘గాన్ విత్ ది విండ్’ దాస్యమును దీయగా జూపుట మాకు సహింపలేదు. పిల్లలతో గూర్చుండి చూచినచో ఆ విషయము వారికి విడమరచి చెప్పవలెను.

చూడదలచిన సోదరీమణులు ‘ది ఎయిరెస్’తో నారంభించిన మేలు. తండ్రి తనను తెలివితక్కువదానిగ నెంచును. వలచితినని వచ్చినవాడు ఆస్తికై వలచును. లేచిపోవుటకు నిర్ణయించుకొన్న రాత్రి వాడు రానే రాడు. ఏండ్లు గడచిన పిమ్మట వాడు మరలవచ్చి తలుపు తట్టుచుండగా, ఆమె లోపల గడియ వేయించి, దీపము చేతబట్టుకొని మేడమెట్లు నెమ్మదిగా నెక్కుచుండును. వెలుపల వాడు పేరు బెట్టి పిలుచుచు తలుపు బాదుచుండును. ఆమె వెనుదిరిగి చూడదు, ఒక్క మాటయు బలుకదు. ఆ ముఖమును చూచుటకు పొయ్యిమీది పాలను ముందుగనే దింపి వచ్చి కూర్చుండుడు.