రాయి తిప్పి చూస్తే తెలుస్తుంది

హైదరాబాద్ నారాయణగూడలో ఫ్యాన్లకు, మోటార్లకు వైండింగ్ చేసే ఒక చిన్న దుకాణం ఉంది. ఏటా ఫిబ్రవరిలో అక్కడికి వెళ్లి 36 గేజి రాగి తీగ కొంచెం తెచ్చుకుంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు "ఏ ఫ్యానుకు సార్?" అని అడిగాడు దుకాణదారు. ఫ్యానుకు కాదు, చేపలు పట్టడానికి అన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. మరుసటి ఏడాది నేను చుట్టిన ఫ్లై ఒకటి తీసుకెళ్లి ఆయన అరచేతిలో పెట్టాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. "చుట్టు మీద చుట్టు ఎక్కకుండ మంచిగ చుట్టిన్రు సార్" అన్నాడు. జీవితమంతా తీగ చుట్టిన మనిషి నోట ఆ మాట వినడం నాకు పెద్ద సంతోషం.

మనకు తెలిసిన గాలానికి వానపామో పిండిముద్దో గుచ్చుతాం. కొర్రమీనుకైతే కప్ప. కొండ ఏళ్లలో ఉండే ట్రౌట్ చేపకు వేసే గాలం వేరు. ఈకలు, ఊలు, తీగ కలిపి గాలం మీదే పురుగు బొమ్మ చుడతారు. దాని పేరు ఫ్లై. నీటి మీద తేలితే డ్రై ఫ్లై, మునిగి అడుగున కొట్టుకుపోయేదైతే నింఫ్. ఈ రెండోదాని గురించే నేను చెప్పబోయేది.

తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్లు గుంపుగా లేచి, దీపం చుట్టూ తిరిగి, తెల్లారేసరికి రెక్కలు రాల్చుకుని పడి ఉంటాయి కదా. కొండ ఏటి మీద ఎగిరే మేఫ్లైకి కూడా రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజులే ఆయుష్షు. కానీ అంతకు ముందు నెలల తరబడి, కొన్ని రకాలైతే రెండేళ్ల దాకా, అది ఏటి అడుగున రాళ్లను కరుచుకుని పిల్లపురుగుగా బతుకుతుంది. ఆ పిల్లపురుగు పేరే నింఫ్, దాని బొమ్మకూ అదే పేరు. పైన ఎగిరేది ఎప్పుడో ఒక పూట దొరికే విందు, కింద పాకేది రోజూ దొరికే అన్నం. ట్రౌట్ కడుపు నిండేది ఎక్కువగా ఏటి అడుగునే.

ట్రౌట్ మన దేశపు చేప కాదు. 1900లో స్కాట్లండ్ నుంచి కశ్మీరుకు వచ్చింది. అక్కడ దాన్ని పెంచి నిలబెట్టినవారిలో ముఖ్యుడు ఫ్రాంక్ మిచెల్, శ్రీనగర్‌లో తివాచీల ఫ్యాక్టరీ నడిపిన మనిషి. 1909లో కశ్మీరు నుంచి గుడ్లు కులూ లోయకు చేరాయి. దక్షిణాన నీలగిరుల్లో అవలాంచి దగ్గర ఇంగ్లీషువాళ్లు హేచరీ పెట్టారు. నీరు చల్లగా, పారుతూ, తేటగా ఉంటేనే ఈ చేప బతుకుతుంది. ఇరవై డిగ్రీలు దాటితే ఆయాసపడుతుంది. అందుకే మా అశోక్‌నగర్ మనిషి ట్రౌట్ కోసం బయలుదేరితే రైలెక్కి హిమాచల్ లాంటి చల్లటి కొండల దాకా పోవాల్సిందే.

రిటైరైన ఏడాది నేను అలాగే పోయాను. కులూ జిల్లా, బంజార్ దాటాక గుశైని ఊరు, పక్కనే తీర్థన్ ఏరు. నా దగ్గర నలభై ఎనిమిది ఫ్లైలున్న పెట్టె ఉంది. ఎరుపు, పసుపు, మెరుపు కాగితం చుట్టినవి, ఒక్కొక్కటీ ఒక్కో నగలా ఉండేవి. మూడు రోజులు పొద్దున్నుంచి చీకటి పడేదాకా మార్చి మార్చి వేశాను. ఒక్క చేప ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం నాకు తోడుగా వచ్చిన ఊరి కుర్రాడు "అంకుల్‌జీ, ఇటు రండి" అని మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఒక రాయి ఎత్తి తిప్పాడు. తడి రాయి అడుగున గోరంత కూడా లేని పురుగులు పది పన్నెండు కదులుతున్నాయి. బల్లపరుపు ఒళ్లు, గోధుమ రంగు, వెనక మూడు వెంట్రుకల్లాంటి తోకలు. ఆ కుర్రాడు నా పెట్టె తెరిచి, ఆ రంగుకు, ఆ సైజుకు దగ్గరగా ఉన్న ఒకే ఒక్క ఫ్లై తీసి చేతిలో పెట్టాడు. అన్నిటిలోకీ సాదాగా ఉందని నేను మూడు రోజులూ పక్కన పెట్టిన ఫ్లై అది. సాయంత్రానికి రెండు బ్రౌన్ ట్రౌట్లు పట్టి వదిలాను.

ఆ ఫ్లై పేరు ఫెజంట్ టెయిల్, అంటే ఫెజంట్ అనే అడవి పక్షి తోక. దాన్ని తయారు చేసినవాడు ఇంగ్లండులో ఏవన్ ఏటికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్. ఆయన దారం వాడలేదు, సన్నని రాగి తీగతోనే కట్టాడు. తీగే దారం, తీగే బరువు, తీగే రంగు. కాళ్లు కూడా పెట్టలేదు, ఎందుకంటే ఈదేటప్పుడు ఆ పురుగు కాళ్లను ఒంటికి ముడుచుకుంటుందని ఏట్లో ఏళ్ల తరబడి చూసి తెలుసుకున్నాడు. 1958లో వచ్చిన ఆయన పుస్తకంలో ఈ పద్ధతంతా ఉంది.

ఇప్పుడు మా ముందు గదిలో బల్లకు చిన్న వైసు బిగించుకున్నాను. 14వ నంబరు గాలాన్ని (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది) అందులో పెట్టి, తీగను తల నుంచి తోక దాకా దగ్గర దగ్గరగా చుడతాను. తల వెనక రొమ్ము ఉండేచోట నాలుగు పొరలు వేస్తే చిన్న మూపురం లేస్తుంది. తర్వాత ఈక నుంచి నాలుగు పోగులు లాగి, కొసలు తోకలుగా మిగిలేలా తీగతో బిగించి, పోగుల్నీ తీగనూ కలిపి పురిపెట్టి ముందుకు చుడతాను. మూపురం మీదుగా పోగుల్ని ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు మడిస్తే రెక్కల సంచి తయారవుతుంది. తీగ మూడు చుట్లు వేసి తెంపితే అయిపోయింది. ఆరు నిమిషాలు పడుతుంది. పై అంతస్తులో అద్దెకుంటూ గ్రూప్స్‌కు చదివే కుర్రాళ్లు చిక్కడపల్లి గ్రంథాలయం నుంచి వచ్చేటప్పుడు ఆగి చూస్తుంటారు. వాళ్లలో ఒకడు నాకన్నా సన్నగా చుడతాడు.

ఫెజంట్ ఈక నేను వాడను. మన అడవుల్లోని ఫెజంట్లను చట్టం కాపాడుతోంది. చిక్కడపల్లిలో కోళ్ల దుకాణం అతను గోధుమ రంగు నాటుకోడి పెట్ట ఈకలు నాకోసం పక్కన పెడతాడు, వాటితో పని జరిగిపోతుంది. నేను చుట్టే రెండో ఫ్లైకి ఇంగ్లండువాళ్లు కుందేలు చెవి బొచ్చు వాడతారు. నేను గోనె పీచును సన్నగా కత్తిరించి, ముదురు గోధుమ ఊలుతో కలిపి నలుపుతాను. అది నీళ్లలో చెదిరి, కాళ్లు కదిపే పురుగులా ఉంటుంది. మూడోది సాయర్‌దే, కిల్లర్ బగ్. రాగి తీగ మీద బూడిద రంగులో కొంచెం గులాబీ ఛాయ ఉన్న ఊలు చుట్టడమే, తోక లేదు, ఏమీ లేదు. ఆయన వాడిన చాడ్విక్స్ 477 ఊలు తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఆ ఊలు చుట్టిన పాత అట్టలకు ఇప్పటికీ వేటగాళ్లు పెద్ద ధర ఇస్తారు. స్వెటర్లు అల్లే ఊలులో ఆ ఛాయ వెతికి పట్టుకున్నాను, చేపలు తేడా చూపలేదు.

ఈ మూడు చాలు. మూడేసి సైజుల్లో, 12, 14, 16, ఒక్కోటి మామూలుది, ఒక్కోటి పూసది. పూస ఎందుకంటే బరువుకు. ఇత్తడి పూస కన్నా టంగ్‌స్టన్ పూస రెండింతలకు పైగా బరువు. మంచు కరిగి ఏరు బూడిద రంగులో ఉరికే మే నెలలో 12వ నంబరు టంగ్‌స్టన్ పూస ఫ్లై వేస్తాను. అక్టోబరులో నీరు తగ్గి అద్దంలా ఉన్నప్పుడు 16వది, పూస లేనిది. రంగు గురించి కొత్తవాళ్లు చాలా బెంగపడతారు. నేనూ పడ్డాను. రంగు కన్నా లోతు ముఖ్యం, లోతు కన్నా అది కొట్టుకుపోయే తీరు ముఖ్యం.

ఏటి పైన నీరు వేగంగా పారుతుంది, అడుగున నెమ్మదిగా. పై నీరు దారాన్ని లాక్కుపోతే కింద ఫ్లై కూడా పరుగెడుతుంది. నిజం పురుగు అలా పరుగెత్తదు, ట్రౌట్‌కు ఆ సంగతి తెలుసు. అందుకే ఎగువకు విసిరి, కర్ర ఎత్తి పట్టి, వీలైనంత తక్కువ దారం నీళ్ల మీద ఉంచాలి. చెరువు గాలానికి బెండు కట్టినట్టే ఇక్కడా చిన్న బెండు కట్టుకోవచ్చు, నీటి లోతుకు ఒకటిన్నర రెట్ల ఎత్తున. బెండు మునగాలని చూడొద్దు. ఒక్క క్షణం తటపటాయించినా, పక్కకు జరిగినా కర్ర ఎత్తాలి. తినేది కాదని తెలిసిన మరుక్షణం ట్రౌట్ ఉమ్మేస్తుంది. నాకు చేప పడిన సార్లలో సగం ఆ తటపటాయింపు దగ్గరే.

నింఫ్‌తో పట్టే మరో చేప గ్రేలింగ్, అది మన దేశంలో లేదు. మా అమ్మాయి ఇంగ్లండులో డాక్టరు, సాల్స్‌బరీ దగ్గర ఉంటుంది. నవంబరులో వెళ్లినప్పుడు రాడ్ లైసెన్సు, ఆ ఏటికి ఒకరోజు టికెట్టు కొని ఏవన్ ఒడ్డున నిలబడ్డాను. సాయర్ కాపలా కాసిన ఏరు అదే. గ్రేలింగ్ నోరు కిందివైపుకు ఉంటుంది, అడుగున మేసే చేప కాబట్టి. వీపు మీద తెరచాపంత రెక్క. నా నారాయణగూడ తీగ మీద చుట్టిన ఊలు బొమ్మ ఇసుకను రాసుకుంటూ పోతుంటే దారం ఆగింది. చేతిలోకి వచ్చిన చేప వెండిలా మెరిసింది. దాని లాటిన్ పేరు థైమ్ ఆకు వాసనను బట్టి వచ్చిందంటారు. వాసన చూశాను. దోసకాయ వాసన అనిపించింది నాకు.

అశోక్‌నగర్ వంతెన దాటేటప్పుడు కింద హుస్సేన్‌సాగర్ నాలా కనిపిస్తుంది. ఏ రాయి తిప్పినా అక్కడ మేఫ్లై పిల్ల ఉండదు. చాలావరకు శుభ్రమైన నీళ్లలోనే బతికే పురుగు అది. ఎక్కడ అది కనిపించకుండా పోతుందో, అక్కడ నీరు చెడిందని శాస్త్రజ్ఞులు లెక్క వేస్తారు.

మీరెప్పుడైనా తీర్థన్‌కు వెళితే మత్స్యశాఖ పర్మిట్ తీసుకోండి. నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరి దాకా చేపలు గుడ్లు పెట్టే కాలం, వేట బంద్. గాలానికుండే ఎదురుముల్లును పట్టకారుతో నొక్కేయండి, చేప పెద్ద గాయం లేకుండా తిరిగిపోతుంది. కర్ర విప్పకముందే ఒక రాయి తిప్పి చూడండి. చూశాక దాన్ని ఎలా ఉందో అలాగే, అదే చోట, నెమ్మదిగా పెట్టండి.