దయ్యాల హోటల్ – అసలు సంగతి

దయ్యం కథలంటే మనకి భయమూ ఉంది, ఇష్టమూ ఉంది. కరెంటు పోయిన రాత్రి ఎవరో ఒకరు మొదలుపెడతారు. మిగతావాళ్లం దుప్పటి ముసుగేసుకుని మరీ వింటాం. ఈసారి నిజంగా ఉన్న ఒక "దయ్యాల హోటల్" గురించి తెలుసుకుందాం రండి.

ఎక్కడుంది?

ఫిలిప్పీన్స్ దేశమంతా దీవులే. ఏడు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది లుజాన్. ఆ దీవిలో సముద్రమట్టానికి సుమారు 1500 మీటర్ల ఎత్తున బాగియో అనే కొండ పట్నం ఉంది. అది ఇబలోయ్ అనే గిరిజనుల నేల. వాళ్ల భాషలో నాచుని "బగివ్" అంటారు. ఊరి పేరు అందులోంచే వచ్చిందని చెబుతారు. వేడి దేశమే అయినా, ఎత్తు వల్ల అక్కడ చలి, పొగమంచు ఎక్కువ.

ఆ ఊళ్లో ఒక కొండ మీద డొమినికన్ క్రైస్తవ ఫాదర్లు విశ్రాంతి కోసం పెద్ద భవనం కట్టుకున్నారు. 1915లో దాన్ని ప్రారంభించారు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్లు అందులో తలదాచుకున్నారు. 1945లో బాంబు దాడుల్లో భవనం దెబ్బతింది. తర్వాత బాగు చేశారు. 1973లో ఒక కంపెనీ దాన్ని కొని 33 గదుల హోటల్‌గా మార్చింది. పేరు డిప్లొమాట్ హోటల్. దాన్ని నడిపినాయన టోనీ అగ్‌పావోవా. ఆయన చనిపోయాడు. హోటల్ మూతపడింది, భవనం పాడుబడింది.

లోపలికి వెళ్తే

చూడబోయినవాళ్లకి మొదట కనబడేది పైకప్పు మీది పెద్ద శిలువ. లోపల రెండు నడిమి వాకిళ్లు, వాటిలో ఫౌంటెన్లు. ఇటూ అటూ చిన్న చిన్న గదులు. పాడుబడి ఉన్న రోజుల్లో కిటికీలకు అద్దాలు ఉండేవి కావు, గోడలకు నాచు పట్టి ఉండేది. రాత్రిపూట తల లేని ఫాదర్లు తిరుగుతారట, తలుపులు కొట్టుకుంటాయట, గిన్నెల చప్పుడు, ఏడుపులు వినిపిస్తాయట.

ఆ చప్పుళ్లు ఎందుకు వస్తాయి? మంచాలు, పరుపులు ఉన్న గది శబ్దాన్ని కొంత పీల్చుకుంటుంది. ఖాళీ గది పీల్చుకోదు, తిరిగి కొడుతుంది. ఒక మూల పెచ్చు రాలితే ఇంకో మూల ఎవరో నడిచినట్టు వినబడుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదండి, "హూ" అంటుంది కదా! పగిలిన కిటికీలోంచి కొండగాలి దూరినా అంతే. పగలు ఎండకి సాగిన రేకులు, ఇనుము రాత్రి చలికి ముడుచుకుంటాయి. అప్పుడు టప్ టప్ అంటాయి. మన వరండా రేకులు అనేదీ అందుకే. ఇక గబ్బిలాలు, ఎలుకలు ఉండనే ఉన్నాయి. చీకట్లో కంటికి సగమే ఆనుతుంది, మిగతా సగం మనసు కల్పించుకుంటుంది. కథ ముందే విని వెళ్తే కథలోదే కనిపిస్తుంది.

నిజంగా భయపడాల్సింది

మిత్రులారా! అసలు భయం వేసే సంగతి వేరే ఉంది. ఆ టోనీ అగ్‌పావోవా మామూలు హోటల్ యజమాని కాదు. కత్తి లేకుండా, మత్తు లేకుండా, ఒట్టి చేతులతో ఆపరేషన్ చేస్తానని పేరు మోసినవాడు. కడుపు పిసికితే రక్తం కనబడేది, గడ్డ లాంటిది బయటికి వచ్చేది, తుడిస్తే మచ్చైనా ఉండేది కాదు! విమానాలెక్కి దేశదేశాల నుంచి రోగులు వచ్చేవారు. ఇలాంటి వైద్యంలో కిటుకు ఏమిటో గారడీ తెలిసినవాళ్లు చేసి చూపించారు. ఎర్రని ద్రవం, కోడి మాంసం ముక్కలు దూదిలోనో అరచేతిలోనో దాచుకుంటే చాలు. ఈ వైద్యానికి మనుషుల్ని తీసుకెళ్లే ట్రావెల్ కంపెనీల మీద అమెరికాలో కేసు నడిచింది. ఇది పూర్తిగా మోసమని 1975లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తేల్చింది.

అయినా జనం ఆగలేదు. అమెరికాలో పేరున్న హాస్యనటుడు ఆండీ కాఫ్‌మన్‌కి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. 1984 మార్చిలో ఆయన బాగియోకే వెళ్లి, ఇలాంటి వైద్యం చేసే మరొకాయన దగ్గర చేయించుకున్నాడు. మే నెలలో చనిపోయాడు. వయసు 35. చదువు, డబ్బు ఉన్న మనిషే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరైనా నమ్ముతారు. మోసగాడికి కావలసింది అదే.

ఇప్పుడు చెప్పండి, ఆ కొండ మీద భయపడాల్సింది తల లేని ఫాదర్‌కా, ఒట్టి చేతుల ఆపరేషన్‌కా?

మన పెద్దలకు తెలిసిన ఆకులు, వేర్ల సంగతి వేరు. అది చూసి, వాడి నేర్చుకున్న తెలివి. ఆశ చూపి డబ్బు గుంజేది వేరు. మన ఊళ్లలో చలిజ్వరం వస్తే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టి వదిలేసేవాళ్లు ఉన్నారు. మలేరియా దోమ వల్ల వస్తుంది, తాయెత్తుకి పోదు. హాస్టల్లో ఎవరికైనా వణుకుతూ జ్వరం వస్తే దుప్పట్లో దాచుకోవద్దు. ఎంత రాత్రయినా వార్డెన్ గారిని లేపండి. రక్త పరీక్ష చేయించుకోండి, ఇచ్చిన మాత్రలు మానకుండా మింగండి.

మీకో పని: ఈ వారం రాత్రిపూట మిమ్మల్ని భయపెట్టిన చప్పుడు ఏమిటో పగలు వెతికి, కారణం కనిపెట్టి, ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. వచ్చే సంచికలో రాద్దాం!